తెల్ల గుడ్డ పరిచిన బల్ల దగ్గర

పోయిన సంచికలో బ్రిటన్, ఐర్లాండ్‌లలోని పేరున్న యూరోపియన్ రెస్టారెంట్ల గురించి ఏమైనా అడగాలనుకుంటే రాయమన్నాను. ఉత్తరాలు బాగానే వచ్చాయి. ఎక్కువగా పిల్లలు అక్కడ చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న ఇళ్ల నుంచే. కొత్తగా చదువుతున్న వాళ్ల కోసం నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మాది కోనసీమ. హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ చదివి 1999లో లండన్ వెళ్లాను. రెండేళ్లు వంటింట్లో గిన్నెలు కడిగాను, కూరలు తరిగాను. తర్వాత ఇరవై ఏళ్లు హాల్లో వడ్డించాను. అందులో మూడేళ్లు డబ్లిన్‌లో, మిగతావన్నీ ఇంగ్లండ్‌లో. పనిచేసిన చోట్ల పేర్లు మాత్రం రాయను. మిగతావి దాచకుండా చెబుతాను.

మేడమ్ గారూ, మా అబ్బాయి లండన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మావారికి షష్టిపూర్తి ఇక్కడ చేసుకుని వాడి దగ్గరికి వెళ్తున్నాం. అక్కడ ఏదో స్టార్ ఉన్న ఫ్రెంచ్ రెస్టారెంట్లో టేబుల్ బుక్ చేశాడట. మేం శాకాహారులం, గుడ్డు కూడా ముట్టం. ఫోర్కుతో తినడం రాదు. నాకు ఇప్పట్నుంచే టెన్షన్‌గా ఉంది. ఏదో ఒక వంక చెప్పి మానేయమంటారా?
— ఒక తల్లి, తెనాలి

వంక చెప్పకండి వదినగారూ, హాయిగా వెళ్లండి. మీ భయం నాకు తెలుసు. 2006లో మా అమ్మానాన్నలు లండన్ వచ్చినప్పుడు మా అమ్మదీ ఇదే భయం. నేనున్నాను కదా అని ధైర్యం చెప్పి, ఒక స్టార్ ఉన్న చోటికి తీసుకెళ్లాను. స్టార్ అంటే మిషలాన్ అనే టైర్ల కంపెనీ తన పుస్తకంలో మంచి వంటకు ఇచ్చే గుర్తు. ఫోన్లో ‘వెజిటేరియన్’ అని ఒక్క మాట చెప్పి ఊరుకున్నాను. ఆ పనిలోనే ఉండి కూడా అంతకు మించి చెప్పలేదు.

పుట్టగొడుగుల రిసోట్టో తెచ్చారు. ఇటలీ వాళ్ల వంట అది. బియ్యంలో మరుగుతున్న రసం గరిటెడు గరిటెడు పోస్తూ, తిప్పుతూ ఉడికిస్తారు. చూడ్డానికి జారుగా చేసిన పులగంలా ఉంటుంది. అమ్మ ఇష్టంగా నాలుగు చెంచాలు తింది. ఈలోగా నాకు వాసన తగిలింది. వడ్డించిన కుర్రాణ్ణి పిలిచి అడిగాను. లోపలికి వెళ్లి వచ్చాడు. మొహం పాలిపోయింది. ఆ రసం కోడి ఎముకలతో కాచిందని నిజం చెప్పాడు. అమ్మ ఏమీ అనలేదు. చెంచా కింద పెట్టి మంచినీళ్లు తాగింది. ఇంటికొచ్చి తలస్నానం చేసి దేవుడి ముందు కూర్చుంది. వాళ్లు క్షమాపణ చెప్పారు, బిల్లు కూడా తీసుకోలేదు. కానీ ఆ నాలుగు చెంచాలు నాకు ఈ రోజుకీ గుర్తే.

అందుకని మీ అబ్బాయి చేత ఈ వారమే ఒక ఈమెయిల్ పెట్టించండి. బ్రిటన్‌లో వెజిటేరియన్ అంటే గుడ్డు తింటారనే లెక్క. పోనీ వీగన్ అంటే పాలు, వెన్న, పెరుగు కూడా తీసేస్తారు. పెరుగు లేనిదే భోజనం అయినట్టుండని మనకు అదెందుకు? కాబట్టి ఇలా విడమరిచి రాయమనండి: ‘నో మీట్, నో ఫిష్, నో ఎగ్, నో మీట్ స్టాక్, నో జెలటిన్, నో యానిమల్ రెనెట్. మిల్క్, బటర్ ఆర్ ఫైన్.’ జెలటిన్ పశువుల చర్మం, ఎముకల నుంచి వస్తుంది, మెత్తగా వణికే తీపి వంటకాల్లో కలుపుతారు. రెనెట్ అంటే జున్ను, అదే చీజ్, చేసేటప్పుడు పాలు విరగడానికి వాడేది. ఇటలీ నుంచి వచ్చే అసలు పార్మిజానో రెజ్జానో చీజ్‌ని దూడ కడుపులోంచి తీసిన రెనెట్‌తోనే చేయాలని వాళ్ల నియమం. దాన్ని చాలామంది వంటవాళ్లు ఆలోచించకుండా శాకాహార వంటల మీద తురిమేస్తారు. ముందుగా రాస్తే ఇవన్నీ మానేసి మీకు వేరేగా వండుతారు. ఆ రోజు టేబుల్ దగ్గర చెబితే మాత్రం వాళ్ల చేతుల్లో ఏమీ ఉండదు. రసాలు, సాస్‌లు ముందు రోజు నుంచే తయారవుతాయి మరి. గుడ్డు లేకుండా ఫ్రెంచ్ తీపి వంటలు చేయడం కష్టం, చివర్లో పళ్లూ సోర్బే ఇవ్వొచ్చు. సోర్బే అంటే పాలు లేకుండా పండ్ల రసంతో చేసే ఐస్. బాగుంటుంది.

పూర్తిగా మొక్కల నుంచి వచ్చిన వాటితోనే వండే చోటు కావాలంటే లండన్‌లో ప్లేట్స్ అనే రెస్టారెంట్ ఉంది. కర్క్ హావర్త్ అనే వంటాయన నడుపుతున్నాడు. 2025లో దానికి మిషలాన్ స్టార్ వచ్చింది. బ్రిటన్‌లో వీగన్ రెస్టారెంట్‌కి స్టార్ రావడం అదే మొదటిసారి. ఒంట్లో బాగోలేక తన తిండి మార్చుకున్నాక ఆయన ఈ దారి పట్టాడు.

ఇక ఫోర్కు సంగతి. మొదట వచ్చే చిన్న చిన్న ముక్కలు చేత్తో తినేవే. బ్రెడ్డు కూడా చేత్తోనే తినాలి, కత్తితో కోయకూడదు. చిన్న ముక్క తుంచి, ఆ ముక్కకు మాత్రం వెన్న రాసుకుని నోట్లో వేసుకోవాలి. మనం రొట్టె తిన్నట్టే. తర్వాత వచ్చే ప్రతిదానికీ బయటి వైపున్న కత్తీ ఫోర్కూ ముందు తీసుకోండి, లోపలికి వస్తూ ఉండండి. తినడం అయిపోతే రెండూ పక్కపక్కన పళ్లెంలో పెట్టేస్తే తీసుకెళ్తారు. అది కూడా ఇబ్బంది అనిపిస్తే చెంచా అడగండి. ఎవరూ ఏమీ అనుకోరు. మేం బల్ల వైపు చూసేది తప్పులు పట్టడానికి కాదు. ఎడమ చేత్తో తినేవాళ్లెవరా అని చూస్తాం, తర్వాతి వంటకానికి వాళ్ల కత్తీ ఫోర్కూ చేతులు మార్చి పెడతాం. పెద్దావిడకి చలేస్తోందా, మోకాళ్ల నొప్పులతో లేవడానికి కష్టపడుతోందా అని చూస్తాం. మీ టేబుల్‌కి వచ్చే పిల్ల కూడా అదే చూస్తుంది.

మీవారికి అరవై నిండాయని కూడా ఆ ఈమెయిల్లోనే రాయించండి. పళ్లెం అంచున చాక్లెట్‌తో శుభాకాంక్షలు రాసి తెస్తారు. నేను అలా తీసుకెళ్లినప్పుడల్లా, ఎంత పెద్ద మనిషైనా సరే, ఆ పళ్లెం చూసి ఒక్క క్షణం చిన్నపిల్లాడయిపోవడం చూశాను.

చీర కట్టుకుని వెళ్తే బాగుంటుందా? అందరూ చూస్తారేమో?
— ఒక పాఠకురాలు, నెల్లూరు

పట్టుచీర కట్టుకోండి. ఆ హాలుకి అంతకంటే తగిన బట్ట లేదు. కొంచెం చలిగా ఉంటుంది, శాలువా ఒకటి దగ్గర పెట్టుకోండి. మగవాళ్లను కోటు వేసుకు రమ్మనే చోట్లు ఇప్పుడు చాలా తగ్గిపోయాయి. రిట్జ్ లాంటి పాతకాలపు హోటళ్లకైతే ముందు అడిగి వెళ్లడం మంచిది.

టైర్లు అమ్మే కంపెనీకి వంటల మీద తీర్పు చెప్పే పని ఎలా వచ్చింది? అసలు ఆ స్టార్లు ఏం చూసి ఇస్తారు?
— ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

మంచి ప్రశ్న. మిషలాన్ అన్నదమ్ములు ఆంద్రే, ఎదువార్. ఫ్రాన్స్‌లో క్లెర్మోఁ ఫెరాఁ అనే ఊళ్లో టైర్ల ఫ్యాక్టరీ. 1900లో దేశం మొత్తం మీద మూడు వేల కార్లు కూడా లేవు. జనం కార్లు కొని ఊళ్లు తిరిగితేనే కదా టైర్లు అరిగేది. అందుకని ఎక్కడ పెట్రోలు దొరుకుతుంది, ఎక్కడ బస చేయొచ్చు, ఎక్కడ తినొచ్చు అని ఒక చిన్న పుస్తకం వేసి ఉచితంగా పంచారు. 1926లో మంచి భోజనం దొరికే చోట్లకు నక్షత్రం గుర్తు పెట్టడం మొదలైంది. ఐదేళ్ల తర్వాత ఒకటి, రెండు, మూడు అని వరస కట్టారు. బ్రిటన్‌కి 1911లోనే ఒక పుస్తకం వచ్చింది గానీ మధ్యలో ఆగిపోయి 1974లో మళ్లీ మొదలైంది. ఇప్పుడు బ్రిటన్‌కీ ఐర్లాండ్‌కీ కలిపి ఒకే జాబితా.

ఒక స్టారంటే వంట చాలా బాగుందని. రెండంటే దారి మళ్లి వెళ్లయినా తినొచ్చని. మూడంటే అక్కడ తినడం కోసమే ప్రయాణం పెట్టుకోవచ్చని. పేరు చెప్పకుండా మామూలు మనిషిలా వచ్చి తిని, బిల్లు కట్టి వెళ్లే ఇన్‌స్పెక్టర్లు ఉంటారు. వాళ్లు చూసేవి ఐదు: సరుకు నాణ్యత, వండే నేర్పు, రుచుల పొందిక, వండినవాడి సొంత ముద్ర, ఎప్పుడు వెళ్లినా ఒకే స్థాయిలో ఉండటం. షాండ్లియర్లు, వెండి చెంచాలు ఈ లెక్కలోకి రావు. 2001లో హియర్‌ఫర్డ్‌షైర్‌లోని స్టాగ్ ఇన్ అనే పల్లెటూరి పబ్బుకి స్టార్ ఇచ్చారు, పబ్బుకి రావడం అదే మొదలు. మార్లోలో టామ్ కెరిజ్ పెట్టిన హ్యాండ్ అండ్ ఫ్లవర్స్ రెండు స్టార్లు తెచ్చుకున్న మొదటి పబ్బు. అది కాక ఆటోమొబైల్ అసోసియేషన్ వాళ్లు గులాబీ గుర్తులు ఇస్తారు, ఐదు దాకా. అవి కూడా అక్కడ లెక్కకు వస్తాయి.

ఇన్‌స్పెక్టర్లు చూసే ఐదింటిలో చివరిదే ప్రాణం తీస్తుంది. ఒక రోజు అద్భుతంగా వండటం చాలామందికి వచ్చు. మంగళవారం మధ్యాహ్నం, ఇద్దరు పనివాళ్లు జ్వరంతో రాని రోజు కూడా అలాగే వండాలి. స్టారు వంటవాడిది కాదు, రెస్టారెంటుది. ఏటా మళ్లీ సంపాదించుకోవాలి. నేను పనిచేసిన ఒక చోట అది పోయిన ఉదయం నాకు కళ్లకు కట్టినట్టుంది. షెఫ్ ఫోను చూసి, బల్ల మీద బోర్లా పెట్టి, బుట్ట దగ్గరికి లాక్కుని పచ్చి బఠాణీలు ఒలవడం మొదలుపెట్టారు. మేం ఒక్కొక్కళ్లం వచ్చి ఆయన పక్కన నిలబడి ఒలిచాం. ఆ రోజుకి అరకిలో చాలు. బుట్టెడూ ఒలిచేశాం.

మా కోడలు లండన్‌ నుంచి ఒక ఫోటో పంపింది. పెద్ద పళ్లెం, మధ్యలో ఒక్క బంగాళదుంప. దీనికా ఇన్ని వేలు అని నాకు మనసొప్పలేదు. మీరేమంటారు?
— రిటైర్డ్ టీచర్, కరీంనగర్

మాస్టారూ, మీ కోడలు తిన్నది ఎక్కడో నాకు తెలిసినట్టే ఉంది. అది బహుశా లండన్ నాటింగ్ హిల్‌లోని ‘కోర్’. పెట్టినావిడ క్లేర్ స్మిత్. ఉత్తర ఐర్లాండ్‌లో ఆంట్రిమ్ అనే చోట రైతు కుటుంబంలో పుట్టింది. గోర్డన్ రామ్సే అనే పేరున్న షెఫ్ దగ్గర ఏళ్ల తరబడి వంటిల్లు నడిపి, 2017లో సొంతంగా ఇది తెరిచింది. 2021లో మూడో స్టార్ వచ్చింది. బ్రిటన్ ఆడవాళ్లలో సొంత రెస్టారెంటుకు మూడు స్టార్లు తెచ్చుకున్నది ఆవిడే మొదలు.

ఇంత గొప్ప చోట పేరు తెచ్చుకున్న వంటకం ఏ ఖరీదైన మాంసమో కాదు, చిన్నప్పుడు రోజూ తిన్న బంగాళదుంప. సముద్రపు నాచుతో కలిపి నిదానంగా ఉడికిస్తారు. ఆ నాచుతోనే వెన్న సాస్ చేసి చుట్టూ పోస్తారు. పైన రెండు రకాల చేప గుడ్లు, సన్నగా వేయించిన బంగాళదుంప రేకులు. మనింట్లో పచ్చిపులుసు ఎలాగో, ఐర్లాండ్ ఇళ్లలో బంగాళదుంప అలాగ. దాన్ని తీసుకెళ్లి తెల్ల పళ్లెం మధ్యలో అంత మర్యాదగా పెట్టడం చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. మీరు ఫోటోలో చూసింది భోజనం మొత్తం కాదు, ఒక్క వాయి. అలాంటివి ఎనిమిదో పదో వస్తాయి. మధ్యలో బ్రెడ్డూ వెన్నా. చివర్లో చేత్తో తినే చిన్న చిన్న మిఠాయిలు. లేచేసరికి కడుపు నిండిపోతుంది.

డబ్బు మాట కూడా దాటేయను. మూడు స్టార్ల చోట రాత్రి భోజనం మనిషికి 200 పౌండ్లు దాటిపోతుంది. అందులో ప్రభుత్వానికి 20 శాతం వ్యాట్ ఉంటుంది. పైన సర్వీస్ చార్జి అని లండన్‌లో మామూలుగా 12.5 శాతం వేస్తారు, కొన్ని చోట్ల ఇంకా ఎక్కువ. అది మన ఇష్టమే, నచ్చకపోతే తీసేయమని అడగొచ్చు. కానీ 2024 అక్టోబర్ 1 నుంచి ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్‌లలో చట్టం మారింది. ఆ డబ్బు పైసా తగ్గకుండా పనివాళ్లకే పంచాలి. కాబట్టి తీయించకండని నా మనవి.

మిగతా డబ్బు ఎటు పోతుందో నా కళ్లతో చూసింది చెబుతాను. ముప్పై మంది తినే పూటకి లోపలా బయటా కలిపి ఇరవై మందికి పైగా పనిచేసిన చోట నేనున్నాను. సాయంత్రం నాలుగున్నరకి కాడ ఉన్న వైన్ గ్లాసులు తుడవడం నా వంతు. స్టీలు బకెట్లో పొగలు కక్కే నీళ్లు, అందులో కాస్త వెనిగర్. గ్లాసుని ఆ ఆవిరి మీద బోర్లించి, లోపల మబ్బు పట్టగానే తీసి, నూలు పోగులు రాలని నార గుడ్డతో తుడవాలి. ఒక చేత్తో కింది పళ్లాన్ని పట్టుకుని ఇంకో చేత్తో పై భాగాన్ని తిప్పితే కాడ పుటుక్కున విరిగి అరచేతిలో దిగుతుంది. నా కుడి అరచేతిలో ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. తుడిచాక ఒక్కోదాన్నీ దీపానికి ఎదురుగా పట్టి చూడాలి. వేలిముద్ర కనబడితే మళ్లీ ఆవిరి మీదికి. ఒక్కో సాయంత్రం నూట ఎనభై గ్లాసులు. వంటింట్లో ఒకబ్బాయి అదే సమయంలో చిక్కుడు గింజలకు ఒక్కోదానికీ పై పొట్టు తీస్తుంటాడు. మీ కోడలు కట్టిన డబ్బులో ఎక్కువ భాగం ఇలాంటి చేతులకే వెళ్తుంది.

అలాగని అన్ని చోట్లా డబ్బుకి తగ్గ భోజనం ఉంటుందని అనను. సొగసు ఎక్కువై రుచి చచ్చిపోయినవి నేను తిన్నాను. అప్పు చేసి వెళ్లాల్సినవి అసలే కావు. ఒక స్టార్ ఉన్న చోట మధ్యాహ్నం పూట వెళ్తే అదే వంటిల్లు, అదే షెఫ్, ధర చాలా తక్కువ. మీరు లండన్ వెళ్లినప్పుడు మీ కోడల్ని ఆ పూటకు తీసుకెళ్లమనండి.

పదో పెళ్లిరోజుకు ఒక్కసారి పెద్ద ఖర్చు పెడదామనుకుంటున్నాం. ఎక్కడికి వెళ్లమంటారు?
— ఒక జంట, మిల్టన్ కీన్స్

మీరీ ప్రశ్న మూడేళ్ల క్రితం అడిగుంటే కళ్లు మూసుకుని ల గవ్రోష్ అని ఉండేదాన్ని. ఆల్బర్ట్ రూ, మిషెల్ రూ అనే ఫ్రెంచ్ అన్నదమ్ములు 1967లో లండన్‌లో పెట్టారు. బ్రిటన్‌లో మూడు స్టార్లు మొదట తెచ్చుకున్నది అదే, 1982లో. మార్కో పియర్ వైట్, గోర్డన్ రామ్సే లాంటి వాళ్లందరూ ఆ వంటింట్లో పని నేర్చుకున్నవాళ్లే. నా మొదటి ఏడాది జీతంలో మిగిల్చుకున్న డబ్బుతో అక్కడ ఒక మధ్యాహ్నం ఒక్కదాన్నే తిన్నాను. మెట్లు దిగి వెళ్తే భూగృహంలాంటి హాలు. బల్ల మీద పాత వెండి చెంచాలూ ఫోర్కులూ అతికించి చేసిన జంతువు బొమ్మ. వాళ్ల చీజ్ సూఫ్లే తెప్పించుకున్నాను. గుడ్డు తెల్లసొన నురగ తీసి, చీజ్ కలిపి సగం కాల్చి, దాన్ని చిక్కటి మీగడలోకి బోర్లించి, పైన ఇంకాస్త చీజ్ చల్లి మళ్లీ కాలుస్తారు. చెంచా దించితే నిట్టూర్చినట్టు చిన్న శబ్దం చేసి కుంగిపోయింది. లోపల ఏమీ లేనంత తేలిక, చుట్టూ మీగడ బరువు. 2024 జనవరిలో ఆ రెస్టారెంట్ మూసేశారు. అన్నదమ్ములిద్దరూ అంతకు ముందే పోయారు. మూసేశారన్న రోజు నాకు దగ్గరి చుట్టాల ఇల్లు అమ్మేసినట్టు అనిపించింది.

వాళ్లదే ఇంకొకటి ఉంది. బ్రే అనే ఊళ్లో థేమ్స్ నది ఒడ్డున వాటర్‌సైడ్ ఇన్. 1972లో పెట్టింది. 1985లో మూడో స్టార్ వచ్చింది. పాతికేళ్ల పాటు మూడూ నిలబెట్టుకున్న చోటు ఫ్రాన్స్ బయట అంతకు ముందు లేదు. మిషెల్ కొడుకు అలాఁ నడుపుతున్నాడు. పెళ్లిరోజుకైతే నా ఓటు దీనికే. మే నెలలో మధ్యాహ్నం వెళ్లి, నది వైపు టేబుల్ కావాలని బుక్ చేసేటప్పుడే అడగండి. నీళ్ల మీదికి వాలిన విల్లో చెట్లు, పడవలు. మాట్లాడుకోవడానికి బోలెడు సమయం. మీ ఊరి నుంచి కారులో గంటన్నర లోపే.

అదే ఊళ్లో హెస్టన్ బ్లూమెంతాల్ అనే షెఫ్ పెట్టిన ఫ్యాట్ డక్ కూడా ఉంది, 1995లో తెరిచాడు. శంఖంలోంచి అలల చప్పుడు వింటూ సముద్రపు వంటకం తినిపించేది అక్కడే. వింతలంటే సరదా ఉన్నవాళ్లకు బాగుంటుంది. మీరు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలని వెళ్తుంటే నేనది చెప్పను, ప్రతి పళ్లెం మీ మాట మధ్యలోకి వచ్చి తన కథ చెబుతుంది.

రెండు రోజులు సెలవు దొరికితే ఉత్తరానికి వెళ్లండి. కంబ్రియాలో కార్ట్‌మెల్ అనే చిన్న ఊళ్లో సైమన్ రోగన్ 2002లో లాంక్లూమ్ పెట్టాడు. ఫ్రెంచ్‌లో ఆ మాటకు దాగలి అని అర్థం, ఆ భవనం ఒకప్పుడు కమ్మరి కొలిమి. దగ్గర్లోనే సొంత పొలం ఉంది, కూరలు అక్కడివే. 2022లో మూడో స్టార్ వచ్చింది. ఆకుకూర కోసిన గంటలో వండితే ఎలా ఉంటుందో మన ఊళ్లలో పెరిగిన వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అక్కడ తిన్నప్పుడు నాకు మా పెరడు గుర్తొచ్చింది.

బుక్ చేసేటప్పుడు కార్డు నంబర్ తీసుకుంటారు. ఆలస్యంగా రద్దు చేస్తే డబ్బు పోతుంది, ఆ షరతు చదివి మరీ నొక్కండి.

మేం మందు తాగం. ప్రతి వంటకానికీ వైన్ పోస్తారట కదా, వద్దంటే చిన్నబుచ్చుకుంటారా?
— ఒక పాఠకుడు, అనంతపురం

అస్సలు లేదు. ఇప్పుడు చాలా చోట్ల పండ్ల రసాలు, పులియబెట్టిన టీలు, మూలికల పానీయాలు వంటకానికొకటి చొప్పున ఇస్తున్నారు. అదీ ఖరీదే, ధర అడిగి తీసుకోండి. మంచినీళ్లు అడిగితే సీసా నీళ్లు తెచ్చి బిల్లు వేయొచ్చు. ‘ట్యాప్ వాటర్’ అని అడగండి.

అక్కా, నేను ఐర్లాండ్‌లోని కార్క్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. వారానికి 20 గంటలు ఒక పెద్ద రెస్టారెంట్లో కిచెన్ పోర్టర్‌గా చేస్తున్నాను. అంటే గిన్నెలు కడగడమే. ఇంట్లో ‘హోటల్ మేనేజ్‌మెంట్ సైడ్’ అని చెప్పాను. రాత్రి పన్నెండింటికి చేతులు నానిపోయి రూముకొస్తుంటే ఏడుపొస్తోంది. ఇక్కడ నేను నేర్చుకునేది ఏమైనా ఉందా?
— ఒక తమ్ముడు, ఖమ్మం

తమ్ముడూ, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నేనూ ఆ తొట్టి దగ్గరే మొదలుపెట్టాను. ముందు చేతుల సంగతి చూడు. గ్లవ్స్ లోపల పల్చటి నూలు గ్లవ్స్ వేసుకో, రాత్రి పడుకునేముందు కొబ్బరినూనె రాసుకో. గ్లవ్స్ వాళ్లే ఇవ్వాలి, ఇవ్వకపోతే మొహమాటపడకుండా అడుగు. టిప్పుల సంగతి కూడా కనుక్కో. ఐర్లాండ్‌లో 2022 డిసెంబర్ 1 నుంచి టిప్పుల చట్టం ఉంది. టిప్పులు ఎలా పంచుతారో కనబడేలా బోర్డు పెట్టాలి. నీ జీతాన్ని టిప్పులతో పూడ్చడానికి వీల్లేదు.

కోపెన్‌హాగన్‌లోని నోమా అనే రెస్టారెంట్ పేరు వినే ఉంటావు. 2010లో ప్రపంచంలోని మేటి రెస్టారెంట్ల జాబితాలో దానికి మొదటి స్థానం ఇచ్చారు, ఆ సభ లండన్‌లో జరిగింది. అక్కడ గిన్నెలు కడిగే అలీ సోంకో గాంబియా నుంచి వచ్చినవాడు. వీసా దొరక్క ఆ సభకి రాలేకపోయాడు. మిగతావాళ్లు అతని మొహం అచ్చు వేసిన టీ షర్టులు వేసుకుని వేదిక ఎక్కారు. 2012లో మళ్లీ మొదటి స్థానం వచ్చినప్పుడు అతనే వచ్చి మాట్లాడాడు. 2017లో అతణ్ణి రెస్టారెంట్లో వాటాదారుని చేశారు. అందరికీ అలా జరుగుతుందని చెప్పను. కానీ గిన్నెలు కడిగేవాడు ఒక్క పూట రాకపోతే ఆ వంటిల్లు ఎనిమిదింటికల్లా ఆగిపోతుంది. ఇది షెఫ్‌లందరికీ తెలుసు.

నువ్వున్న ఊరి చుట్టుపక్కల చూడు. కార్క్‌కి తూర్పున షానగారీలో మర్టిల్ అలెన్ అనే రైతు భార్య 1964లో తన ఇంట్లోనే, బాలీమలూ హౌస్‌లో, రెస్టారెంట్ తెరిచింది. తమ పొలంలో పండింది, దగ్గరి రేవులో దిగింది వండింది. 1975లో స్టార్ వచ్చింది. పడమర వైపు బాల్టిమోర్‌లో అహ్మత్ డెడె ఉన్నాడు. టర్కీ నుంచి వచ్చినవాడు. తన ఊరి మసాలాలతో వెస్ట్ కార్క్ చేపలూ కూరగాయలూ వండి 2023కి రెండు స్టార్లు తెచ్చుకున్నాడు. డబ్లిన్‌లో చాప్టర్ వన్‌లో వండే మికాయెల్ విల్యానెన్ ఫిన్లండ్ వాడు. 1981లో ఫ్రాన్స్ నుంచి వచ్చి డబ్లిన్‌లో రెస్టారెంట్ పెట్టిన పాట్రిక్ గిల్బో దగ్గర 1996 నుంచీ రెండు స్టార్లున్నాయి. మర్టిల్ తప్ప మిగతా ముగ్గురూ ఎక్కడి నుంచో వచ్చి ఆ దేశానికి వండిపెట్టినవాళ్లే.

నీ తొట్టి దగ్గర నేర్చుకునేది చాలా ఉంది. ఏ పళ్లెంలో ఏం మిగిలి తిరిగొస్తోందో అందరికంటే ముందు నీకే కనబడుతుంది. వరసగా పది పళ్లేల్లో ఒకే ముక్క మిగిలొస్తే షెఫ్‌కి చెప్పు. నేనలా ముల్లంగి సంగతి చెప్పిన రోజునే మా షెఫ్ నన్ను మొదటిసారి పేరు పెట్టి పిలిచారు. సాస్ గిన్నెలు కడిగే ముందు అడిగి, శుభ్రమైన చెంచాతో రుచి చూడు. దేనికి ఉప్పు ఎక్కడ ఆగిందో నాలుక్కి తెలుస్తుంది.

ఇంట్లో నిజం చెప్పెయ్. మీ నాన్నతో ఏం కడుగుతున్నావో చెప్పకపోయినా, ఏం చూస్తున్నావో చెప్పు. ఆయనే అడుగుతారు.

ఇంకొకటి. సాయంత్రం సర్వీసుకి ముందు పనివాళ్లందరూ కలిసి తింటారు కదా, స్టాఫ్ మీల్. ఒక సోమవారం నేను వండుతానని అడుగు. నేను 2000లో అడిగి టమాటా పప్పు చేశాను. పోపు చిటపటలాడగానే పేస్ట్రీ గదిలోంచి కూడా మనుషులు వచ్చేశారు. మా సూ షెఫ్, అంటే షెఫ్ తర్వాతి పెద్ద, ఆవాలు చేతిలో పోసుకుని, అవి పేలే ముందు నూనె ఎంత వేడిగా ఉండాలో అడిగి రాసుకున్నాడు. కందిపప్పు కార్క్‌లో ఇండియన్ షాపుల్లో దొరుకుతుంది. పాతిక మందికి రెండు కిలోలు చాలు. ఇంగువ మాత్రం చిటికెడే వెయ్యి, వాళ్లకు కొత్త.